ఓర వదిలిన చేను

(టెక్కలిలో జరిగిన ఐక్య క్రిస్మస్ సభలో, ఉద్దానంలో పుట్టి పెరిగిన ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ వందనాలు. పాస్టరు గార్లకీ, సంఘ పెద్దలకీ, మన పిలుపు మన్నించి వచ్చిన ఊరి పెద్దలకీ నమస్కారాలు. వెనక నిలబడిపోయిన తమ్ముళ్లూ, ముందుకి రండి. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఈ వరసలో ఇంకో నలుగురు పడతారు. కొంచెం జరగండమ్మా. కంగారు లేదు, మీరు సర్దుకున్నాకే మొదలుపెడతాను.

ఈ మధ్యాహ్నం పలాస నుంచి బస్సులో వస్తూ కిటికీలోంచి చూస్తున్నాను. కోతలు దాదాపు అయిపోయాయి. కొన్ని మళ్లలో పనలు ఇంకా ఆరుతున్నాయి, కొన్నిచోట్ల కుప్పలు వేసేశారు. ఒక మడిలో ఇద్దరు ముసలమ్మలు నడుం వంచి పరిగె ఏరుకుంటున్నారు. అది చూసి చాలా ఏళ్లయింది నేను. ఇక్కడున్న పిల్లలకి ఆ మాట తెలియకపోవచ్చు. కోస్తున్నప్పుడు రాలిన వెన్నులు, మోపు కట్టేటప్పుడు జారిపోయిన వెన్నులు, వాటిని పరిగె అంటాం. భూమి లేనివాళ్లు అవి ఏరుకుని, కాళ్లతో నలిపి, చేటలో చెరిగి, దంచుకుని ఆ పూటకి కుండలో పోసుకునేవారు. మా మామ్మ అలా ఏరి పిల్లల్ని పెంచిన మనిషి.

ఆ మాట మన బైబిల్లో ఉంది. లేవీయకాండము 19వ అధ్యాయం. పంట కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకీ పరదేశులకీ విడిచిపెట్టు అని ఆజ్ఞ. ధాన్యం ఇల్లు చేరాక, గాదె నిండాక, అప్పుడు మిగిలితే ఇవ్వమని అనలేదు చూడండి. కొడవలి చేతిలో ఉండగానే ఆగమన్నాడు. బాగా పండిన ఏడు మాత్రమే ఆగమని కూడా లేదు. ఎకరాకి పది బస్తాలు రాని ఏడు కూడా ఓర ఓరే.

తర్వాత రూతు గ్రంథం చూడండి. మోయాబు పిల్ల, మొగుడు పోయినది, అత్తని వదల్లేక పరాయి ఊరు వచ్చింది. యవల కోతల కాలం. బోయజు చేలో పరిగె ఏరుకుంటోంది. బోయజు కూలీలతో ఏమన్నాడు? కట్టలోంచి కావాలనే కొన్ని లాగి ఆమెకోసం వదలండి, ఆమెని గద్దించకండి అన్నాడు. ఆ చేను ఏ ఊళ్లో ఉంది? బేత్లెహేములో. ఆ రూతు దావీదు తాతకి తల్లి. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో యేసు వంశావళి చదివితే ఆమె పేరు కనిపిస్తుంది. అంటే ఒక రైతు తన చేలో ఓర వదిలిన ఊళ్లోనే, ఆ ఓరలో ఏరుకు తిన్న ఆడమనిషి వంశంలోనే ఆ బిడ్డ పుట్టాడు. క్రిస్మస్ కథ పశువుల తొట్టి దగ్గర మొదలైందని అనుకుంటాం గానీ, నాకైతే అది ఆ యవల చేలో మొదలైందనిపిస్తుంది.

ఇప్పుడు తొట్టి దగ్గరకి వస్తాను. ఎన్నో ఏళ్లు ఆదివారం బడి పిల్లలచేత క్రిస్మస్ నాటకం వేయించాను. ప్రతి నాటకంలోనూ సత్రం యజమాని వేషం ఒకటి ఉంటుంది. తలపాగా చుట్టి, మీసం దిద్ది, "చోటు లేదు, పొండి" అనిపించి తలుపు వేయిస్తాం. ఇంటికెళ్లాక లూకా సువార్త రెండో అధ్యాయం తీసి చూడండి. ఆ మనిషి అందులో లేడు. తలుపు మూసినవాడు లేడు. "సత్రములో వారికి స్థలము లేనందున" అని ఒక్క ముక్క ఉంది, అంతే. గాడిద లేదు, ఎద్దు లేదు. తొట్టి ఉంది కాబట్టి మనం వాటిని తెచ్చి కట్టేశాం.

ఆ సత్రం అన్న మాట దగ్గర కొంచెంసేపు ఆగుతాను. మన జిల్లా పూరీ వెళ్లే పాత దారి మీద ఉంది. సత్రం అనగానే మనకి యాత్రికులు, మూటలు, మూడు రాళ్ల పొయ్యిలు కళ్లకి కడతాయి. లూకా గ్రీకులో రాసిన మాట కటలూమా. అదే మాటని 22వ అధ్యాయంలో మళ్లీ వాడాడు, యేసు శిష్యులతో పస్కా భోజనం చేసిన గది గురించి. అక్కడ మన తెలుగు బైబిల్లో "విడిది గది" అని ఉంది. దారిలో దెబ్బలు తిన్నవాణ్ణి సమరయుడు తీసుకెళ్లిన చోటుకి మాత్రం లూకా వేరే మాట పెట్టాడు. దాన్ని మనవాళ్లు పూటకూళ్లవాని ఇల్లు అన్నారు. డబ్బిచ్చి దిగే చోటుకి ఒక మాట, ఇంటికొచ్చిన చుట్టాలకిచ్చే గదికి ఒక మాట. అందుకని కొందరు పండితులు ఏమంటారంటే, యోసేపు తన వంశంవాళ్ల ఊరికే వచ్చాడు, చుట్టాల ఇంట్లోనే దిగి ఉంటాడు, ఆ ఇంటి విడిది గది అప్పటికే నిండిపోయి ఉంటుంది అని. అందరూ ఒప్పుకున్న మాట కాదు. నా మనసుకి మాత్రం పట్టింది. ఆ పల్లెల్లో బీదవాళ్ల ఇళ్లు చాలావరకు ఒకటే గది. ఒక పక్క ఎత్తుగా ఉంటే అక్కడ మనుషులు, పల్లంగా ఉన్న పక్కన రాత్రిపూట పశువులు, మధ్యలో తొట్టెలు. మన పాత ఇళ్లలోనూ సాల ఇంటిని ఆనుకునే ఉండేది కదా! దూడ కదిలితే మంచం మీద మనిషికి మెలకువ వచ్చేది. జనాభా లెక్కకి వచ్చిన బంధువులతో కిక్కిరిసిన అలాంటి ఇంట్లో, పురిటి మనిషి కోసం ఎవరో తమ పడక ఇంకో మూలకి జరుపుకుని ఉంటారు. ఎవరో దోసెడు ఎండుగడ్డి దులిపి తొట్టిలో పరిచి ఉంటారు. వాళ్ల పేర్లు లూకా రాయలేదు. కానీ నాకు వాళ్లు తెలుసు. ఎలా తెలుసో చెప్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఇక్కడున్న వాళ్లలో చాలామందికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా అయ్య నాటిన కొబ్బరి చెట్లు ముప్పై పైన ఉండేవి, నాలుగు మిగిలాయి. జీడి చెట్లు వేళ్లతో లేచి బోర్లా పడ్డాయి. ఉద్దానంలో కొబ్బరి చెట్టంటే ఇంటికి పెద్దకొడుకు లెక్క. మళ్లీ మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు. ఆ ఏడు పెట్టినవి ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. మా మందిరం రేకులు ఎగిరిపోయి చెరువు గట్టున పడ్డాయి. కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్లు ఆ సగం కప్పు కిందే పడుకున్నారు. సంఘంలో ఆడవాళ్లు వంతులేసుకుని వాళ్లకి అన్నం వండారు, తమ ఇళ్లమీద కప్పు లేకపోయినా.

కాస్త తేరుకుంటున్నాం అనుకునేసరికి డిసెంబరు 17న పెథాయ్ తుఫాను వచ్చింది. అది దాటింది తూర్పుగోదావరి దగ్గర, కానీ దాని వాన మన దాకా వచ్చింది. కోసి పడేసిన పనలు నీళ్లలో నానాయి.

పండక్కి రెండు రోజుల ముందు, ఆదివారం నాడు, నేను శ్రీకాకుళం నుంచి అమ్మ దగ్గరకి వెళ్లాను. మా అబ్బాయికి ఆ వేసవిలోనే పెళ్లయింది. కోడలికి మా ఇంట మొదటి క్రిస్మస్. కొత్త దుప్పట్లు, కేకు, రంగు కాగితాల నక్షత్రం అన్నీ సంచుల్లో మోసుకెళ్లాను. అమ్మ ఇల్లు మూడు గదులు. వీధి గదికి పెంకులు లేచిపోయి బరకం కట్టారు. నడిమి గది అక్కడక్కడా కారుతోంది. వంటింటి పక్క చిన్న గది ఒక్కటే పొడిగా ఉంది. అది కోడలికని మనసులో ఎప్పుడో అనుకున్నాను. తలుపు తీస్తే అందులో పక్కింటి బాబాయి పడుకుని ఉన్నాడు, పిన్ని కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

వాళ్లది తాటాకిల్లు, తిత్లీకి పడిపోయింది. రెండు నెలలు బరకం కింద ఉన్నారు, పెథాయ్‌కి అదీ తడిసింది. వాళ్లు మన మతం వాళ్లు కాదు. ధనుర్మాసం అని పిన్ని తెల్లారకుండానే లేచి మా వాకిట్లో కూడా ముగ్గు వేసేది. బాబాయికి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో అది ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలుసు. ఎందుకు వస్తోందో ఇదీ కారణమని ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి మంచినీళ్లు వచ్చాయి. నేను చెప్పే రోజులకి అవేవీ లేవు. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు.

నాకు కోపం వచ్చింది. దాచను. అమ్మని పెరట్లోకి పిలిచి, "కోడలు మొదటిసారి వస్తోంది, నాకు ఒక్క మాట చెప్పాలి కదా" అన్నాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతూనే అంది: "పొడి గది ఒకటే ఉన్నాదే. ఆడు సన్నీళ్లు కూడా కొలుసుకు తాగుతున్నాడు. నీ కోడలు పడుసుపిల్ల, వంటింట్లో సాప ఏసుకుంటే సాలదా?" అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇరవైనాలుగో తారీఖు సాయంత్రం కోడి కూర పొయ్యి మీద ఉంది. ఉల్లిపాయ మగ్గింది, ముక్కలు ఉడుకుతున్నాయి. నేను ఉప్పు డబ్బా మూత తీశాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. చిన్న సత్తు గిన్నెలోకి నాలుగు ముక్కలు, కొంచెం గుజ్జు తీసి, మూత పెట్టి, గట్టు మీద పక్కగా ఉంచింది. అప్పుడు "ఇప్పుడెయ్యి" అంది. బాబాయికి ఉప్పు వద్దన్నారు. ఉప్పు వేశాక తీసి పెట్టడం కుదరదు కదా. ముందే తీయాలి. ఎనభై ఏళ్ల మనిషి చెయ్యి నా చేతి మీద ఉన్న ఆ క్షణం, లేవీయకాండము 19 నాకు మొదటిసారి అర్థమైంది. ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు పిల్లలకి చెప్పానో! ఓర వదలడం అంటే ఇదీ అని ఆ పొయ్యి దగ్గర తెలిసింది.

ఆ ఏడు క్రిస్మస్ మంగళవారం వచ్చింది. బాబాయికి డయాలసిస్ వంతు మంగళవారమే. వాళ్లబ్బాయి చెన్నైలో పనిలో ఉన్నాడు. పిన్నికి చదువు రాదు, అక్కడ కాగితాలు చూడ్డానికి ఎవరో ఒకరు తోడుండాలి. మా అబ్బాయి ఆటో మాట్లాడాడు, నన్ను ఎక్కమన్నాడు. మందిరంలో గంట కొడుతుంటే నేను కొత్త చీర కట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాను. ఇష్టంతో వెళ్లలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తిత్లీ తర్వాత నాకు ప్రార్థన రావడం మానేసింది. మోకరిస్తే మాట రాదు. పాట ఎత్తితే గొంతు పెగలదు. మా అయ్య చెట్లు అలా పడి ఉంటే, ఆ దేవుడికి ఏమని స్తోత్రం చెప్పాలో తెలిసేది కాదు. అంతకుముందు ఆదివారం మందిరంలో పాస్టరు గారు మన మత్స్యకారుల కోసం ప్రార్థన చేయించారు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు, వేటకని గుజరాత్ వెళ్తే నవంబరు నెలాఖరులో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను కళ్లు తెరుచుకునే కూర్చున్నాను. (వాళ్లలో ఇరవైమంది 2020 జనవరి 6న వాఘా దగ్గర దేశంలో అడుగుపెట్టారు. రెండు క్రిస్మస్‌లు, ఒక సంక్రాంతి వాళ్ల ఇళ్లలో వాళ్లు లేకుండానే గడిచాయి. ప్రార్థన చేసిన వాళ్లందరికీ జవాబు ఆ రోజు దాకా తెలియలేదు.)

సరే, ఆసుపత్రిలో గది బయట బల్ల. లోపల మిషన్ల చప్పుడు. పిన్నీ నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ఆమె కొంగుముడి విప్పి, బాబాయికి ఎన్ని నీళ్లు పట్టిందో వేళ్లమీద లెక్కపెట్టుకుంటోంది. రోజుకి ఇన్ని అని చెప్పారట, ఒక స్టీలు గ్లాసు గుర్తు పెట్టుకుంది. కొబ్బరినీళ్లు అసలే వద్దన్నారు, కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన మనిషికి. అలా లెక్కపెడుతూనే నావైపు తిరిగి, "నా వల్ల నీ పండగ పోయిందమ్మా. మీ పాట ఒకటి ఇక్కడే పాడు" అంది. నాకు రాదు అనలేకపోయాను. నెమ్మదిగా ఎత్తాను. మొదటి చరణం అయ్యింది. రెండో చరణం ఎంత తలుచుకున్నా రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి పాడిన పాట!

పిన్ని అందించింది. ముక్క తప్పకుండా.

"నీకెలా వచ్చు పిన్నీ?" అన్నాను. "ఏటా డిసెంబరు నెలంతా మీ మైకులో వింటాం కదే" అంది. ఆమె నమ్మని దేవుడి పాట, నాకోసం ఆమె దగ్గర దాచి ఉంది. మిగతా చరణాలు ఇద్దరం కలిసి పాడాం. లోపలి నుంచి నర్సమ్మ తలుపు ఓరగా తీసి, తీసే ఉంచింది.

నా విశ్వాసం ఆ రోజు తిరిగొచ్చేసిందని చెప్పను, అబద్ధమవుతుంది. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో జబ్బు బిడ్డ తండ్రి ఒకడు యేసుతో అంటాడు, నమ్ముచున్నాను, నాకు అపనమ్మకం ఉండకుండా సహాయం చేయమని. నమ్మకం, అపనమ్మకం రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో. ముందు నమ్మకం పూర్తిగా తెచ్చుకో, అప్పుడు నీ బిడ్డని చూస్తానని యేసు అనలేదు. ఆ మాట పట్టుకుని నేను ఆరు నెలలు గడిపాను. పొద్దున్నే చాప పరుచుకుని కూర్చునేదాన్ని, మాట వచ్చినా రాకపోయినా. అమ్మ గది ముందే ఇచ్చేసినట్టు, నేనూ ఆ పావుగంట ముందే వదిలేశాను. రావలసిన చుట్టం ఎప్పుడొస్తే అప్పుడే రానీ అని.

అందుకని మీ అందరినీ బతిమాలుకుంటున్నాను. ఏడాదికోసారి క్రిస్మస్‌కి మాత్రమే వచ్చే కుర్రాణ్ణి మందిరం గుమ్మంలో "ఇన్నాళ్లకి గుర్తొచ్చామా" అనకండి. వాడు ఎంత దూరం నడిచొచ్చాడో మనకి తెలియదు. వేరే కులంలో చేసుకుందని, వేరే మతంలో చేసుకుందని ఇంటికి పిలవని కూతుళ్లు ఈ సభలో ఎందరికున్నారో నాకు తెలుసు. పేర్లు చెప్పను. ఫోను మీ చేతిలోనే ఉంది. ఈ సంవత్సరం ఇంట్లో మనిషి పోయినవాళ్లు నక్షత్రం కట్టకపోతే ఎందుకు కట్టలేదని అడక్కండి, వెళ్లి కాసేపు కూర్చోండి.

సంఘ కుర్రాళ్లకి ఒక మాట. కేరల్స్‌కి వెళ్తున్నారు, సంతోషం. రాత్రి పది దాటాక సౌండు బాక్సులు ఆపేయండి. చట్టం కూడా అదే చెప్తోంది, కానీ చట్టం కోసం ఆపమనడం లేదు నేను. ఆ వీధిలో డయాలసిస్ చేయించుకొచ్చి అప్పుడే కన్ను మూసిన మనిషి ఉంటాడు. బాక్సు లేకుండా గుమ్మం ముందు నిలబడి నాలుగు గొంతులు పాడితే ఆ పాట ఇంట్లోవాళ్లకి చరణంతో సహా గుర్తుండిపోతుంది. పిన్నిని చూశాక నాకు ఆ నమ్మకం కుదిరింది. తెల్లారితే అదే వీధిలో హరిదాసు వస్తాడు, ముగ్గులు వేస్తుంటారు. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడవండి.

బాబాయి రెండేళ్ల తర్వాత పోయారు. అమ్మ ఆ మరుసటేడు. ఇంటికి కప్పు వేయించాం, ఇప్పుడు మూడు గదులూ పొడిగానే ఉంటాయి. ఆ చిన్న గదిలో పిన్ని ఉంటోంది. ఈ డిసెంబరులోనూ మా వాకిట్లో ముగ్గు ఆమెదే.

ప్రేమవిందు తయారైందని తమ్ముడు సైగ చేస్తున్నాడు. పిల్లలకి, పెద్దవాళ్లకి ముందు వడ్డించండి. వంటవాళ్లకి మధ్యాహ్నమే చెప్పాను, ఉప్పు వేయకముందు ఒక పెద్ద గిన్నె కూర తీసి పెట్టారు. దాని మూతకి తెల్ల దారం కట్టి ఉంది. మీలో ఎవరికి కావాలన్నా మొహమాటపడకుండా అడగండి, ఎడమపక్క బల్ల మీద ఉంది.